అప్పజెప్పించుకునే జనార్దనరావు గారు

జనార్దనరావు గారు ఏం చెప్పినా, విన్నవాళ్లు దాన్ని తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పందే వదలరు. ఆస్ట్రేలియాలో మేముండే వెర్రిబీ అనే ఊళ్లో మా వీధి చివరి ఇల్లు ఆయనది. అటువైపు వాకింగుకి వెళ్లాలంటే నాకు గుండె దడ. ఇక్కడివాళ్లలాగే మధ్యాహ్నాన్ని 'ఆర్వో' అనీ, పెరట్లో కాల్చుకు తినే విందుని 'బార్బీ' అనీ అంటారాయన.

"రేపు ఆర్వో మా ఇంట్లో బార్బీ. పెరుగన్నం నువ్వు తేవాలి. ఏమన్నానో చెప్పు."

"పెరుగన్నం తేవాలి అంకుల్."

"ఎప్పుడు?"

"రేపు ఆర్వో."

"ఎవరింటికి?"

అప్పటికి వాళ్ల గేటు పట్టుకునే నిలబడి ఉన్నాను. అయినా చెప్పాను.

ఊరు మొత్తంలో ఆయన మెచ్చుకునే మనిషి పిజ్జా షాపు అమ్మాయి ఒక్కతే. అడక్కుండానే ఆర్డరు తిరిగి చదువుతుంది మరి.

పోయినేడాది మా అమ్మ కోటమ్మ గుంటూరు నుంచి వచ్చింది. షుగరు మనిషి. మేం ఆఫీసుల్లో ఉన్నప్పుడు రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. ఎన్ని పరీక్షలు చేసినా కారణం తేలలేదు. మరోసారి ఆసుపత్రికి తీసుకెళితే, అక్కడ వాలంటీరు బ్యాడ్జీతో అంకుల్! తప్పించుకునే దారి లేక ఆయన్నీ వెంటబెట్టుకుని లోపలికి వెళ్లాం.

డాక్టరు ఓపిగ్గా వివరించాడు. నేను తెలుగులో చెప్పాను. అమ్మ "సరే బాబూ, సరే" అంటూ తలూపింది. లేచాం. అంకుల్ తలుపుకి అడ్డంగా నిలబడ్డారు.

"చెల్లెమ్మా, డాక్టరు గారు ఏమన్నారో చెప్పు."

"చక్కగా చెప్పారన్నయ్యగారూ."

"ఏం చెప్పారు?"

అమ్మ నసిగింది. "అంత పెద్దాయన చెబుతుంటే మళ్లీ మళ్లీ అడిగితే ఏం బాగుంటుందని ఊఁ కొట్టాను."

"మరి షుగరు మాత్ర ఎప్పుడేసుకుంటున్నావు?"

"రోజూ పొద్దున్నే. సోమవారాలు వీళ్లకి తెలీకుండా ఉపవాసం ఉంటానా, ఆ రోజు కూడా మానను. ఖాళీ కడుపున ఇంకా బాగా పనిచేస్తదిగా!"

కళ్లు తిరిగి పడిపోతున్నది అందుకా! తిండి తినకుండా ఆ మాత్ర వేసుకోకూడదనే డాక్టరు అంతసేపూ చెప్పింది. సంగతి చెప్పగానే డాక్టరు మళ్లీ కూర్చుని మొదటి నుంచీ చెప్పాడు. ఈసారి అమ్మ చేత అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పించాం. ఆ తర్వాత అమ్మ పడిపోలేదు.

థాంక్స్ చెబుదామని వాళ్లింటికి వెళితే అంకుల్ భార్య మంగళ ఆంటీ అసలు సంగతి చెప్పారు. ఒకప్పుడు ఆవిడా డాక్టరు ముందు ఇలాగే మర్యాదకి తలూపి, మందులు తారుమారు చేసుకుని చావు తప్పి బయటపడ్డారట. రిటైరయ్యాక చక్రాల మీద ఇల్లులాంటి కారవాన్ కొని దేశమంతా తిరగాలని దాచుకున్న డబ్బు అంకుల్ ఆసుపత్రికిచ్చేశారు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ల పక్కన వాళ్ల భాష మనిషి ఒకరు కూర్చుని, విన్నది తిరిగి చెప్పించే ఏర్పాటు దానితోనే నడుస్తోంది.

ఉండబట్టలేక అడిగాను. "కారవాన్ పోయిందని బాధగా లేదా ఆంటీ?"

"బాధెందుకమ్మా? ఆయన్ని దేశం మీదకి తీసుకెళితే దారిలో కనబడ్డ ప్రతి కంగారూ చేతా అప్పజెప్పించేవారు. పాపం, వాటికి తెలుగు కూడా రాదు."