లోకాలు మింగే దేవుణ్ని కూడ నమ్మని మా అత్తమ్మ

మొన్న సోమవారం పొద్దున మహబూబాబాద్ దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసిండు. "అమ్మ పోయింది" అన్నడు. నేను అప్పుడే ఆమెకు జావ కాస్తున్న. పొయ్యి బంద్ చేసిన.

మా అత్తమ్మ ఎవ్వర్నీ తొందరగ నమ్మేది కాదు. పాలోడు పాలు పోసినంక వేలు ముంచి చూసేది. బస్సు బోర్డు చదివి, మళ్ల కండక్టర్ని అడిగేది. పెండ్లయి బయ్యారం వచ్చిన కొత్తల నన్ను కూడ నమ్మలే. మా ఆయనది భూపాలపల్లి బొగ్గుబాయిల పని, వారానికోసారి వచ్చేటోడు. మధ్యాహ్నం పూట నేను ఫోన్ల మాంగా, అదే జపానోళ్ల బొమ్మల కథ, చదివేదాన్ని. అండ్ల వంద లోకాలు, లోకానికో దేవుడు. ఏ దేవునికి బలమెక్కువని కొట్లాడుకునేటందుకు, అది చదివేటోళ్లకు ఫోన్లనే ఒక గ్రూపు ఉండె.

ఒకరోజు గ్రూపుల వాయిస్ పెడుతున్న: "మావోడు ఊపిరి ఊదితే మీవోడు ఉండనే ఉండడు!"

అత్తమ్మ తలుపు కాడనే ఉంది. "ఎవడే ఆ 'మావోడు'?"

"దేవుడు అత్తమ్మా."

"దేవుళ్లు ఫోన్ల మాట్లాడుతరా? నాకు చెవుల పూలు పెట్టకు."

ఆ సాయంత్రమే కొడుక్కు చెప్పింది. శనివారం ఆయన మొఖం మాడ్చుకొని వచ్చి ఫోన్ అడిగిండు. ఇచ్చిన. అంతా చూసి ఆయన నవ్విండు గాని, నాకు అన్నం సహించలే. పుట్టింటికి పోదామని బట్టలు సర్దుకున్న. అత్తమ్మ వచ్చి బ్యాగు పక్కన కూసున్నది. "గా కథ నాకు చదివి వినిపియ్. మొదటి నుంచి."

అట్ల మొదలైంది. దేవుళ్లను కూడ ఆమె నమ్మలే. "లోకాలు పుట్టించినోడే గొప్పోడు" అని నేనంటే, "గంత గొప్పోడైతే ఇంటి ముందర కావలి ఎందుకు? ఏదో దాస్తుండు" అన్నది. నేను ఆ మాట గ్రూపుల పెట్టిన. రెండు రోజులు అందరూ పాత భాగాలు తిరగేసి చూసిండ్రు. అప్పట్నుంచి ఏ పేచీ వచ్చినా "మీ అత్తమ్మ ఏమన్నది?" అనుడే.

గ్రూపుల జనగామ పిలగాడొకడు అందరికన్నా గట్టిగ వాదించేటోడు. అన్నీ రాసుడే, గొంతు ఎన్నడు వినిపియ్యలే. "వాడు మొగోడో ఆడిదో, ముసలోడో! గొంతెందుకు దాస్తుండు?" అని అత్తమ్మకు ఒకటే అనుమానం. ఒకనాడు నా చేతులకెల్లి ఫోన్ గుంజుకొని తనే వానికి కాల్ కలిపింది.

అవతల ఫోన్ ఎత్తిండు. తర్వాత "న... న... నమస్తే" అని వచ్చింది. పిలగానికి నత్తి.

నాకు తల కొట్టేసినట్టయింది. అత్తమ్మ మంచం మీద నిమ్మలంగ కూసోని, "చెప్పు బిడ్డా. నాకేం పనిలేదు" అన్నది. తన దేవుడు ఎందుకు గెలుస్తడో చెప్పెటందుకు అతనికి అర్ధగంట పట్టింది. మధ్యల ఒక్క మాట కూడ ఆమె అందియ్యలే. ఆఖరికి అన్నది: "నాకు నమ్మకం కుదరలే. రేపు మళ్ల చెప్పు."

అతను మరునాడు చేసిండు. ఆ మరునాడు కూడ.

ఆమె పోయే ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం దవాఖానల ఆమెకు కథల కొత్త భాగం చూపించిన. లోకాలు మింగే దేవుడు సింహాసనం ఎక్కిండు. సెలైన్ సూది ఉన్న చేతితోనే, రెండు వేళ్లతోని అతని మొఖం పెద్దగ చేసి చూసింది. "గెలిచినోని కండ్లు గావే గివి" అన్నది. ఫోన్ చూడొద్దన్న నర్సు వస్తున్న అడుగులు వినంగనే ఫోన్ దిండు కింద దోపి, నిద్రపోయినట్టు కండ్లు మూసుకున్నది. దుప్పటి మీద ఆ రెండు వేళ్లు మాత్రం ఇంకా ఎడంగనే ఉన్నయి.