వదిన పోసిన పల్చటి అట్లు

మా వదిన గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని మా ఆయన చాలాసార్లు అడిగారు. నాలుగు నాకు దొరకలేదు. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను: పిండి గురించి ఆమెకు తెలిసినంత మా వీధిలో ఇంకెవరికీ తెలియదు. చిక్కల్లా ఏమిటంటే, మిగతా విషయాలు కూడా అంతే తెలుసని ఆమె అనుకుంటుంది.

ఆమె మా ఆయనకు సొంత అక్క, పదకొండేళ్ళు పెద్ద. పిండిమిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. చేరినప్పుడు నేల ఊడ్చేది, మానేసేటప్పటికి పరీక్ష గదికి పెద్ద. మర నుంచి వచ్చే తెల్లపిండిని గంటకొకసారి దోసెడు తెచ్చి, సన్నటి జల్లెడలో ఊపి, పళ్ళెంలో పరిచి, దీపం కింద పెట్టి చూడటం ఆమె పని. ఒక్క గోధుమరంగు పొట్టు నలుసు కనబడినా ఆ గంట ఆడిన సరుకంతా వెనక్కి పంపేది. మరవాళ్ళు ఆమెను చూస్తే బీడీలు ఆర్పేసేవారట. ఆ మాట ఆమె ఎంత గర్వంగా చెబుతుందో చెప్పలేను.

మధ్యలో ఒక పెళ్ళి చేసుకుని ఏడాదిన్నరకే తిరిగి వచ్చేసింది. ఎందుకని అడిగితే, "తాగడు, కొట్టడు, అన్నీ బాగానే ఉన్నాయి. తలుపు మెల్లగా వేయడం రాదు" అంటుంది. ఆ మనిషి ఎక్కడున్నాడో గానీ అదృష్టవంతుడు.

మిల్లులో మనుషుల బదులు యంత్రం పెట్టాక ఆమెను ఇంటికి పంపేశారు. అదే నెలలో మా ఆయనకు చక్కెర జబ్బు ముదిరిందని తెలిసింది. "తమ్ముడికి తిండి సంగతి చూసి, నెల్లాళ్ళుండి వెళ్తాను" అని ఒక పెట్టెతో దిగింది. పెట్టెలో బట్టలు సగమే, మిగతా సగం ఆమె మిల్లు సామాను.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళుగా పొద్దున్న ఏడింటి బండి ఆయనదే. ఖాళీ వీధుల్లో బండి తిప్పడం ఆయనకు ప్రాణం. సెలవు రోజున కూడా సోఫాలో కూర్చుని కుడికాలితో బ్రేకు తొక్కుతూ ఉంటారు. డిపో డాక్టరు రక్తం చూసి, మూడు నెలల సగటు తొమ్మిది పాయింట్ నాలుగు ఉందన్నాడు. "మళ్ళీ మూడు నెలలకి చూస్తా. అప్పటికీ ఎనిమిది పైనే ఉంటే మాత్రం మిమ్మల్ని స్టీరింగ్ ముందు కూర్చోనివ్వను. రూల్ అది, నేనేం చెయ్యలేను" అని, ఏం తినాలో ఒక కాగితం చేతిలో పెట్టాడు.

ఆ కాగితంలో తెల్లపిండి మీద పెద్ద ఇంటూ గుర్తు ఉంది. పొట్టు తీయని ముడిగోధుమ పిండి వాడాలి. దాంతో ఇంట్లోనే క్రేప్స్ చేసుకోవచ్చని రాసి, పద్ధతి కూడా ఇచ్చారు. పేరు గొప్పదే గానీ సంగతి పల్చటి అట్టే. ముడిపిండిలో గుడ్డు, పాలు, నీళ్ళు, చెంచాడు నూనె కలిపి గంటసేపు నాననిచ్చి, పెనం మీద పల్చగా పోసి, లోపల పాలకూరో పుట్టగొడుగులో పెట్టి మడిచి తినడం. మొరటు రొట్టె అంటే మొహం తిప్పేసే మా ఆయన ఆ బొమ్మ చూసి, "ఇది తింటా" అన్నారు.

మొదటిరోజు నేనే పోశాను. ముడిపిండి నీళ్ళు తాగేస్తుంది. పిండి చిక్కబడి పెనానికి అతుక్కుంది, తిప్పబోతే నడుమ చిరిగింది. నాలుగు పోస్తే నాలుగూ ముక్కలే. వదిన వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి చూస్తూ ఉంది.

"ఇదేంటిది, గోడకి కొట్టే సున్నమా?" అంది.

"మొదటిసారి కదా వదినా, మీరు కాసేపు ఊరుకుంటారా?"

"ఊరుకుంటే వాడు ఆకలికి చస్తాడు. లే, పక్కకి జరుగు. రేపట్నుంచి నేను చూసుకుంటా."

మర్నాడు ఆమె పోసిన అట్లు చూసి నాకు ఏడుపొచ్చింది. ఒక్కటీ చిరగలేదు. గరిటెడు పిండి వేసి మణికట్టు తిప్పితే అది పెనమంతా తనే పరుచుకుంది. అంచు లేవగానే వేళ్ళతో పట్టుకుని తిప్పేసింది. మా ఆయన ఆరు తిని ఏడోది అడిగారు. "అక్కా, ఇది పథ్యమంటే ఎవరూ నమ్మరు" అన్నారు. పథ్యమే కదా అని పొద్దున ఆరూ సాయంత్రం ఆరూ లాగించడం మొదలుపెట్టారు. ఆమె మా ఆయన వైపు తిరిగి, అంతా నాకు వినబడేలా, "చెయ్యి తిరగాలిరా, అందరికీ రాదు" అంది. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ రోజుతో నా వంటిల్లు నాది కాకుండా పోయింది. ఉప్పుడబ్బా ఉన్న చోట లేదు. నా గరిటెలు అటక ఎక్కాయి. ఆమె ఐదుకల్లా లేచి పిండి కలిపేసేది. నేను లేచేసరికి గిన్నె మూతపెట్టి ఉండేది. మూత తీస్తే, "గాలి తగులుతుంది, వెయ్యి" అని అరిచేది. నేను బట్టలు సరిచేసే దుకాణంలో కుట్టుపని చేస్తాను. ఎనిమిదింటికి ఇల్లు వదిలి వెళ్తుంటే ఊపిరి ఆడినట్టుండేది. నెల్లాళ్ళన్న మనిషి రెండో నెలలో కూడా వెళ్ళే ఊసు ఎత్తలేదు.

ఇంట్లో వేలికి గుచ్చి చూసే మిషన్ ఉంది. అంకె దిగవలసినంత దిగడం లేదు. ఆయన రోజూ గంట నడుస్తున్నారు, తీపి ముట్టడం లేదు. అయినా తిన్న రెండు గంటలకు చూస్తే పైకి పోతోంది. వదిన నా వైపు అదోలా చూడటం మొదలుపెట్టింది. ఒకరోజు నేను స్నానం చేసి వచ్చేసరికి నా చేతిసంచీ బల్ల మీద బోర్లా పడి ఉంది. దుకాణంలో మధ్యాహ్నం తినడానికి పెట్టుకున్న బిస్కెట్ల పొట్లం పట్టుకుని మా ఆయనకు చూపిస్తోంది.

"నేను పథ్యం పెట్టడం, ఈవిడ చాటుగా ఇవి తినిపించడం! అంకె ఎక్కడ దిగుతుందిరా?"

"అవి నావి. నా సంచీ ముట్టుకోవడానికి మీరెవరు?" అన్నాను.

ఆమె అన్నదానికి నేను బాధపడలేదు, కోపం మాత్రం వచ్చింది. బాధ తర్వాత వచ్చింది. ఆ సాయంత్రం మా ఆయన గొంతు తగ్గించి, "నా టీలో చక్కెర గానీ వేస్తున్నావా?" అని అడిగారు. పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన నన్ను అనుమానంగా చూడటం అదే మొదలు. ఆ చూపు నేను మర్చిపోలేదు.

పరీక్షకు ఇంకా పంతొమ్మిది రోజులుందనగా చెత్త సంచీ పట్టుకుని మెట్లు దిగుతున్నాను. సంచీ అడుగు చిరిగింది. ఉల్లి తొక్కలతో పాటు పాత పేపరు పొట్లం ఒకటి పడి విప్పుకుంది. మెట్ల మీదంతా గోధుమరంగు పొట్టు చెదిరింది. చీపురు తెచ్చి ఎత్తుతూ వేళ్ళ మధ్య నలిపి చూశాను. ఇంత పొట్టు మా ఇంట్లో ఎక్కడిదో నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఐదింటికి లేచి, దీపం వేయకుండా వంటింటి తలుపు పక్కన నిలబడ్డాను. వదిన రెండు గిన్నెల ముడిపిండి కొలిచింది. అలమారు పై అర నుంచి ఇత్తడి చుట్టు ఉన్న జల్లెడ తీసింది. మిల్లులో ఆమెను పంపేసేటప్పుడు బహుమతిగా ఇచ్చినది. మామూలు ఇంటి జల్లెడలోంచి పొట్టు కూడా జారిపోతుంది. ఇది తెల్లపిండిని పరీక్షించేది, దీన్నుంచి పొట్టు దిగదు. ఆమె రెండు చేతులతో జల్లెడ ఊపింది. చూపు మాత్రం కిటికీలోంచి ఎక్కడో ఉంది. మిగిలిన పొట్టును పేపరులో వేసి, మడిచి, చెత్తబుట్టలో పడేసింది. గిన్నెలో తెల్లటి పిండి మిగిలింది. రెండు నెలలకు పైగా మా ఆయన తింటున్నది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆ అట్లు చిరగకపోవడానికి కారణం కూడా తెలిసింది.

ఆమె కావాలని చేయలేదని నాకు ఆ నిమిషంలోనే అర్థమైంది. నేను అబద్ధం చెప్పను. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ చేతులు చేసిన పని అది. పిండి ముందుకొస్తే వాటికవే ఊపుతాయి. అక్కడే, "వదినా, ఏం చేస్తున్నారు?" అని ఒక్క మాట అంటే అయిపోయేది.

అనలేదు. అంటే ఏమవుతుంది? "అయ్యో" అంటుంది, రేపట్నుంచి మానేస్తుంది. నాలుగు రోజుల్లో అంకె దిగితే ఆ మెప్పు కూడా ఆమెకే పోతుంది. నా సంచీ అందరి ముందూ బోర్లించిన మనిషికి అది చాలదనిపించింది. డాక్టరు ముందు, మా ఆయన ముందు ఆమె నోరు పడిపోవాలి. రోజూ ఆమె పొట్లం పడేయడం, నేను దాన్ని తీసి, దుకాణం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ సంచీలోకి దులపడం. ఆ సంచీని కుట్టుమిషన్ కింద దాచాను. ఎదురుగా కూర్చుని ఆయన ఆరేసి అట్లు తింటుంటే చూశాను. ఇంకా ఎన్ని రోజులు అని వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. సిగ్గు వేసిందా అంటే, అప్పుడు వేయలేదు.

పరీక్ష రోజున ముగ్గురం డిపో డాక్టరు గదికి వెళ్ళాం. మా ఆయన యూనిఫాం ఇస్త్రీ చేసి వేసుకున్నారు, అటునుంచి అటే డ్యూటీకి వెళ్దామని. డాక్టరు కాగితం చూసి కళ్ళజోడు తీశాడు.

"ఎనిమిది పాయింట్ రెండు," అన్నాడు.

"రెండు పాయింట్లే కదా సార్..." అన్నారు మా ఆయన.

"చాలా తగ్గించారు, కాదనను. కానీ ఎనిమిదంటే ఎనిమిదే. పై ఆఫీసుకి నేను అబద్ధం రాయలేను. మీ బండి రేపట్నుంచి వేరేవాళ్ళకి ఇస్తారు."

వదిన నా వైపు వేలు చూపించబోయింది. నేను ఆ క్షణం కోసమే కాచుకుని ఉన్నాను. సంచీ తీసి డాక్టరు బల్ల మీద పెట్టాను. "ముడిపిండి ముడిపిండి అంటూ ఈవిడ పెట్టింది తెల్లపిండి సార్. పొట్టంతా జల్లించి పారేశారు. ఇదిగో" అన్నాను. నా గొంతు గదిలో మోగింది.

"పిండి శుభ్రం చేసుకోకుండా ఎలా కలుపుతారు? అది చెత్త కదా..." అని వదిన మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయింది. తన రెండు చేతులూ చూసుకుంది. మొహం పాలిపోయింది. నేను మూడు నెలలుగా చూడాలనుకున్న మొహం అదే. నాకు సంతోషం వేసింది. అది ఎంతోసేపు నిలవలేదు.

ఆమె సంచీ అందుకుంది. అరచేతిలో పెట్టి ఒకసారి పైకి ఎగరేసినట్టు తూచింది. మిల్లులో బస్తా నమూనాలు అలాగే తూచేదట.

"ఏడు వందల ఇరవై గ్రాములు," అంది మెల్లగా. "రెండు గిన్నెల పిండికి నలభై దిగుతుంది. ఇది పద్దెనిమిది రోజులది."

మా ఆయన నా వైపు తిరిగారు.

"పద్దెనిమిది రోజుల్నుంచి నీకు తెలుసా?"

తెలియదని చెప్పడానికి దారి లేదు. తల ఊపాను. ఆయన డాక్టరుని అడిగారు, "అప్పుడే మానేసి ఉంటే ఆ రెండు పాయింట్లు దిగేవా సార్?"

"కచ్చితంగా చెప్పలేను," అన్నాడు డాక్టరు. "దిగి ఉండొచ్చు."

వదిన అరవలేదు. జీవితంలో మొదటిసారి నాతో గొంతు పెంచకుండా మాట్లాడింది. "నాది చేతి అలవాటు, నా ఖర్మ. వాణ్ణి నా చేతులతో నేనే ముంచాను. నీదేంటి?" అంది.

మా ఆయన మా ఇద్దరి వైపూ చూడలేదు. "పెన్ను ఇస్తారా సార్" అని అడిగి సంతకం పెట్టారు.

ఇప్పుడు ఆయన డిపో విచారణ కిటికీ దగ్గర కూర్చుని, ఏ బస్సు ఎక్కడికి వెళ్తుందో అడిగినవాళ్ళకు చెబుతున్నారు. తర్వాతి పరీక్షలో ఏడు పాయింట్ రెండు వచ్చింది గానీ, అప్పటికే వేరేవాళ్ళకి ఇచ్చేసిన బండి తిరిగి రాలేదు. ఇంట్లో మాతో అవసరమైనంతే మాట్లాడతారు, ఇద్దరితోనూ ఒకే కొలతలో. వదిన ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆమెను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఆమెకు నన్ను చూసినా అంతే. వెళ్ళిపొమ్మని రోజుకు పదిసార్లు నోటిదాకా వస్తుంది. అనను. అంటే మా ఆయన మా ఇద్దరిలో ఎవరిని ఉండమంటారో నాకు తెలియదు.