రెండుసార్లు తడితే ఆగాలి

టీషర్టు ఒక సైజు పెద్దది వచ్చింది. పందెం పూర్తిచేసినవాళ్ళకు మాత్రమే ఇచ్చే నీలం రంగు టీషర్టు అది. అతను వేసుకుంటే చేతులు మోచేతుల కిందకు దిగాయి. భార్య చూసి నవ్వింది. మర్నాడు అతను డ్యూటీకి వెళ్ళాక, ఒక మాట అడగకుండానే దాన్ని మడిచి తీసుకెళ్ళి టైలరుకిచ్చి వచ్చింది. ఇంకో టైలరు దగ్గరికి ఆమె ఎందుకు వెళ్తుంది? మూడేళ్ళుగా తన భర్తతో పాటు వారానికి నాలుగు రోజులు నీళ్ళలోకి దిగుతున్న మనిషాయన.

"మావయ్యగారికిచ్చాను, లూజు తగ్గించమని," అంది సాయంత్రం. "గుడ్డ పట్టుకుని చూసి, బావుందమ్మా అన్నారు."

అతను కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. గోళ్ళలో గ్రీజు పోలేదు. మళ్ళీ సబ్బు రాసుకున్నాడు.

అతను లిఫ్టు మెకానిక్. ముప్పై తొమ్మిదేళ్ళు. ఆ పని ఎప్పుడూ ఇద్దరు కలిసి చేస్తారు. ఒకరు పైన మోటారు గదిలో ఉంటే, ఇంకొకరు లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడతారు. మధ్యలో చీకటి, మోటారు హోరు. మాట వినబడదు కనుక గోడకున్న ఇనుప పట్టా మీద స్పానరుతో కొడతారు. ఒక్క దెబ్బ కొడితే అంతా బాగుందని. రెండు కొడితే ఆపమని. రెండు వినబడ్డాక ఎందుకని అడగకూడదు, ముందు ఆపాలి. పద్దెనిమిదేళ్ళలో అతను ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. చదువులోగానీ ఆటల్లోగానీ చెప్పుకోడానికి ఏమీ లేని మనిషికి అదొక్కటే లోలోపలి గర్వం.

పరుగు, సైకిలు అతనికి ముందునుంచీ అలవాటే. ముప్పై ఆరో ఏట, ఒకే రోజు ఈదడం, సైకిలు తొక్కడం, పరిగెత్తడం వరసగా ఉండే పెద్ద పందెం గురించి విని, ఈత నేర్చుకోడానికి మునిసిపల్ కొలనుకు వెళ్ళాడు. మూడు రోజులు అంచు వదల్లేదు. నాలుగో రోజు పక్క వరసలో ఈదుతున్న పెద్దాయన ఒకాయన ఆగాడు.

"ఏమబ్బాయ్, గోడ పడిపోతుందనా, అలా పట్టుకున్నావు?"

ఆయనే టైలరు. ముప్పై ఏళ్ళు మిషను ముందు వంగి వంగి నడుం పట్టేస్తే, డాక్టరు ఈదమన్నాడు. నడుం నొప్పి తగ్గింది, ఈత మిగిలింది. అంచు వదిలించింది ఆయనే. నీళ్ళలో ఊపిరి వదలడం నేర్పిందీ ఆయనే. రెండో ఏడాదికి ఇద్దరూ పందెం పేరెత్తకుండా ఉండలేని స్థితికి వచ్చారు.

"నాకు యాభై తొమ్మిది. ఈ ఒక్కసారి పూర్తిచేస్తే, ఇక జన్మంతా మీ పిన్నికి చెప్పి విసిగిస్తాను," అనేవాడు టైలరు.

"ఇప్పుడు మాత్రం విసిగించట్లేదా!" అనేది లోపలినుంచి ఆయన భార్య.

అతనికి ఒక్కటే భయం. కొలనులో అడుగు కనబడుతుంది. పందెం జరిగే రిజర్వాయరులో కనబడదు. అందుకని టైలరు ముందు ఈదేట్టు, అతను ఆయన కాళ్ళ వెనకే వచ్చేట్టు అనుకున్నారు. సంకేతం అతనే చెప్పాడు, తన పనిలోది. మడమ మీద ఒకసారి తడితే బాగున్నానని. రెండుసార్లు తడితే ఆగాలని.

"ఆగి వెల్లకిలా తిరుగుతాను. నా భుజం మీద ఒక్క చెయ్యి వేసి, ఊపిరి తీసుకో. ఒక్క చెయ్యే సుమా," అన్నాడు టైలరు. ఏడాది పాటు రిజర్వాయరులో ప్రతి ఆదివారం అలాగే చేశారు. రెండుసార్లు తట్టాల్సిన అవసరం నిజంగా ఎప్పుడూ రాలేదు.

పందెం రోజు పొద్దున ఏడింటికి మూడు వందల మంది ఒకే రంగు టోపీలతో నీళ్ళలోకి దూకారు. గుర్తు కోసం టైలరు తన చీలమండకు పందెంవాళ్ళు కట్టిన పట్టీ మీద ఆకుపచ్చ ఎలాస్టిక్ ముక్క కుట్టుకున్నాడు. అతను దాన్నే చూస్తూ ఈదాడు. మొదటి మలుపు ఇంకా రాకముందే ఎవరిదో మోచెయ్యి తగిలి కళ్ళద్దాలు జారాయి. కంట్లో నీళ్ళు, నోట్లో నీళ్ళు. కింద అడుగు లేదు. చెయ్యి చాచి మడమ అందుకున్నాడు. ఒకటి, రెండు.

టైలరు ఆగాడు. అనుకున్నట్టే వెల్లకిలా తిరిగాడు. భుజం చూపించాడు.

అతను రెండు చేతులూ ఆయన నెత్తి మీద వేసి పైకెక్కాడు. మోకాలికి మెత్తగా ఏదో తగిలింది. ఆయన కిందికి వెళ్ళాడు. అతనికి గాలి అందింది. రెండో గుక్క కూడా అందింది. కాలితో తన్ని ముందుకు జరిగాడు. ఒకసారి వెనక్కి చూశాడు, టోపీలన్నీ ఒకేలా ఉన్నాయి. ఈల వినబడింది. కాపలా పడవ ఒకటి అటు తిరిగింది. పడవ వస్తోంది కదా అనుకున్నాడు. ఈదాడు.

సైకిలు మీద ఇరవై కిలోమీటర్లు దాటాక ఎండ వీపున వెచ్చగా తగిలి, కాళ్ళు తేలికై, అతనికి సంతోషం వేసింది. తర్వాత రోజుల్లో అతన్ని అన్నిటికంటే సిగ్గుతో చంపింది ఆ సంతోషమే.

మధ్యాహ్నం మూడు దాటాక పరుగు కూడా ముగించి గీత దాటాడు. మెడలో పతకం వేశారు. పక్కనే డేరా కింద ప్లాస్టిక్ కుర్చీలో దుప్పటి కప్పుకుని టైలరు కూర్చున్నాడు. కుర్చీ పక్కన ఆక్సిజన్ సిలిండరు, మాస్కు ఇంకా ఉన్నాయి.

"పూర్తిచేశావా? శెభాష్," అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది.

"ఏమైంది బాబాయ్?" అని అడిగాడతను.

టైలరు అతని మొహంలోకి ఒక్క క్షణం చూశాడు.

"ఎవరో పైన పడ్డారు. గుంపు కదా," అన్నాడు.

ఆఫీసులో సూపర్‌వైజరు అతని ఫోటో నోటీసు బోర్డుకు అంటించాడు. "మనవాడికి లిఫ్టెందుకురా, పన్నెండో అంతస్తుకైనా ఈదుకుంటూ పోతాడు," అని తోటివాళ్ళు ఏడిపించారు. అతను కొలనుకు వెళ్ళడం మానేశాడు. టైలరూ రావడం లేదని కాపలాదారు చెప్పాడు. లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడినప్పుడు పైనుంచి రెండు దెబ్బలు వినబడితే, ఆపాక కూడా చెయ్యి చాలాసేపు స్విచ్చి మీదనుంచి రాలేదు.

పదకొండో రోజున భార్య, "టీషర్టు కుట్టేశారట, నువ్వే తెచ్చుకో," అంది.

టైలరు దుకాణం ఆయన ఇంటి ముందుగదే. రెండు మిషన్లు, నిలువుటద్దం, కొలతల పుస్తకం. ఆయన మెడలో టేపుతో కాజాలు కుడుతున్నాడు. భార్య కింద కూర్చుని హుక్కులు వేస్తోంది. అతన్ని చూడగానే లేచి మంచినీళ్ళు తెచ్చింది.

"ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా! ఏరా, నల్లబడ్డావేంటి? కూర్చో. మీ బాబాయ్‌తో నువ్వైనా చెప్పు. నీళ్ళంటేనే వద్దంటున్నాడు. ఆ పైన పడ్డవాడెవడోగాని, వాడి చేతులు పడిపోను. పెద్దాయన అని కూడా లేకుండా తొక్కేశాడు. కనీసం వెనక్కి తిరిగి చూశాడా, లేదా?"

"ఊరుకోవే," అన్నాడు టైలరు, సూది మీదనుంచి కళ్ళెత్తకుండా.

"ఎందుకూరుకోవాలి? దొరికితే అడుగుతాను నేను."

అతని చేతిలో గ్లాసు సగం ఖాళీ అయింది. గ్లాసు దించాడు.

"చూశాను పిన్నీ," అన్నాడు. "ఒకసారి చూశాను. చూసి వెళ్ళిపోయాను."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. భర్త వైపు చూసింది. ఆయన దారం తెంపి కాజా నునుపుచేస్తున్నాడు. ఆయన ఆశ్చర్యపోలేదని చూశాక ఆమెకు అర్థమైంది. వంగి అతని చేతిలోని గ్లాసు తీసుకుని, మిగిలిన నీళ్ళతోనే లోపలికి వెళ్ళిపోయింది.

"నీకు ముందే తెలుసు," అన్నాడతను.

"వెల్లకిలా తిరిగానుగా. నీ మొహమే కనబడింది."

"మరి ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"నేనెందుకు చెప్పాలి? నువ్వు చెప్తావేమోనని చూశాను." ఆయన టేపు మెడలోంచి తీసి చుట్టాడు. "భయపడ్డావు, ఎక్కావు. అది సరే, మునిగేవాడు ఎక్కుతాడు. కానీ ఏమైంది బాబాయ్ అని అడిగావు చూడు. అది నాకు మింగుడుపడలేదురా."

అతను తల వంచుకున్నాడు.

"మొహం మీద చెంబుడు నీళ్ళు పోసుకున్నా నువ్వే కనబడుతున్నావు," అన్నాడు టైలరు. కోపంగా కాదు, నడుం నొప్పి గురించి డాక్టరుకు చెప్పినట్టు చెప్పాడు. తర్వాత అల్మారాలోంచి కాగితం పొట్లం తీసి ఇచ్చాడు. "కొలత తీసుకోలేదు. నీ ఒళ్ళు నాకు తెలుసుగా."

ఇంటికెళ్ళి భార్యకు అంతా చెప్పాడు.  ఆమె, "అత్తయ్యగారి మొహం నేనెలా చూడాలి?" అంది. పొట్లం విప్పకుండా బీరువాలో పెట్టింది. ఆఫీసులో ఫోటో అతనే పీకేశాడు. గాలికి ఊడిందనుకుని సూపర్‌వైజరు ఈసారి నాలుగు మూలలా టేపు వేసి మరీ అంటించాడు.

ఆ ఆదివారం, దాని తర్వాతి ఆదివారం అతను రిజర్వాయరు దగ్గరికి వెళ్ళి ఊరికే మెట్ల మీద కూర్చుని వచ్చాడు. మూడో ఆదివారం టైలరు వచ్చాడు. పలకరింపు లేదు. చొక్కా విప్పి మడిచి, చెప్పుల మీద పెట్టి, మోకాళ్ళ లోతు నీళ్ళలో చాలాసేపు నిలబడ్డాడు.

"ముందు నువ్వు," అన్నాడు.

అతను ఈదడం మొదలుపెట్టాడు. ఇంత మెల్లగా ఎప్పుడూ ఈదలేదు. వెనక నీళ్ళ చప్పుడు వినబడుతోందా లేదా అనే ధ్యాసే తప్ప, కింద అడుగు లేదన్న సంగతి తోచలేదు. మడమ మీద ఒక వేలు తగిలింది. ఒకసారి. ఇంకో యాభై బారల తర్వాత మళ్ళీ ఒకసారి.

తర్వాత రెండు.

అతను అక్కడికక్కడ ఆగాడు. వెల్లకిలా తిరిగి భుజం ఇచ్చాడు.  ఆ చేతులు నెత్తి మీద పడితే పడనీ అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఏదీ పడలేదు. కళ్ళు తెరిచాడు. టైలరు రెండు బారల దూరంలో తల పైకెత్తి, కాళ్ళాడిస్తూ నీళ్ళలో నిలబడి ఉన్నాడు. రొప్పు లేదు, తడబాటు లేదు.

"ఏమైంది బాబాయ్?" ఆ మాట నోటినుంచి వచ్చాక, ఆ రోజు డేరా కింద అడిగిందీ అదే మాట అని అతనికి తెలిసింది. మొహం మండింది.

"ఏం లేదు," అన్నాడు టైలరు. "ఆగుతావో లేదో చూశాను."

అతను కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"పద," అన్నాడు టైలరు.

అతను తిరిగి ఈదడం మొదలుపెట్టాడు. ఆయన ఆ రోజు ఇంకో మూడుసార్లు రెండేసి తట్టాడు. మూడుసార్లూ అతను ఆగాడు.