రేపల్లెలో అందరికీ ఒకే బంధువు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. కంప్యూటరు తప్పు చెయ్యదని ఒకటి, నేనూ చెయ్యనని రెండోది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు, మెడలో గుర్తింపు కార్డు. నిరాశ్రయుల కోసం పట్టణాల్లో నడిపే వసతి గృహాల వివరాలు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం అక్కడి నిర్వాహకులకు నేర్పాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె నా వంతుకొచ్చాయి. ముగ్గురికీ వచ్చేస్తే నా ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. (ఇల్లుంది కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్‌లోకి నేను ఎక్కే ప్రమాదం లేదు.)

తెనాలి ఆయన ఒక్క పూటలో నేర్చుకుని, నాకే రెండు కిటుకులు చూపించారు. బాపట్ల ఆయన పాస్‌వర్డ్ మర్చిపోకుండా గోడ మీద రంగుతో రాయించారు. రేపల్లెలో ఉన్నది రిటైరైన టీచరమ్మగారు. తన దగ్గరున్న పంతొమ్మిది మందినీ వరసలు పెట్టి పిలిచేవారు. నేర్పేది నేనైనా, "నెమ్మదిగా చెప్పమ్మా, కంగారేంటి? ముందు టిఫిన్ చెయ్యి" అని మందలించేది ఆవిడ.

వారం తిరక్కుండా మా సార్ ఫోన్ చేశారు. "రేపల్లెలో అందరూ ఒకే రోజు ఇళ్ళకి చేరిపోయినట్టు చూపిస్తోందమ్మా. మొత్తానికి సాధించావు. నీ ఉద్యోగం కాగితం సంతకానికి పెడుతున్నాను." నేను ఏం సాధించానో తెలియకపోయినా పొంగిపోయాను. మర్నాడు పొద్దున టీచరమ్మగారి ఫోన్. "బియ్యం రాలేదమ్మా. అడిగితే ఇక్కడ తినేవాళ్ళే లేరంటున్నారు. వీళ్ళేమో కంచాలు ముందేసుకుని కూర్చున్నారు."

రైలెక్కి వెళ్ళి చూశాను. 'ఊళ్ళో ఉన్న బంధువు' అన్న గడిలో పంతొమ్మిది మందికీ ఆవిడ పేరే ఉంది. వరస దగ్గర వదిన, కోడలు, చెల్లెలు, పిన్ని. ఊళ్ళో బంధువున్న మనిషిని ఇంటికి చేరినట్టు లెక్కేసుకోవడం ఆ సాఫ్ట్‌వేర్ పద్ధతి.

"ఇలా ఎందుకు రాశారండీ?"

"గడి ఖాళీగా వదలొద్దని నువ్వే చెప్పావు గదమ్మా." (పదిసార్లు చెప్పాను.) "ఎవరూ లేరని రాద్దామంటే ఇక్కడుండే పెద్దాయన పక్కనే కూర్చుని చూస్తున్నాడు. నేనున్నాను గదా, రాసేశాను."

సార్‌కి నిజం చెప్తే నా కాగితం ఆగిపోతుంది, చెప్పకపోతే వీళ్ళ అన్నం. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. అయినా రెండు టీలు అయ్యేదాకా ఆలోచించాను, ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఆఖరికి ఫోన్ చేశాను. "బియ్యం సాయంత్రానికి పంపిస్తాను. నీ సంగతి ఇంకో మూడు నెలల తర్వాత చూద్దాం" అన్నారు సార్.

ఒక్కొక్కరి పేరు తెరిచి 'బంధువులు లేరు' అని మార్చుకుంటూ వచ్చాను. నేను మార్చినప్పుడల్లా టీచరమ్మగారు ఆ మనిషి వైపు తిరిగి, "కంప్యూటర్లోనే నాన్నా, ఊరికే" అని చెప్పేవారు. పంతొమ్మిది సార్లు చెప్పారు. ఆఖరి రెండు మూడు సార్లు నాకు తెర సరిగ్గా కనిపించలేదు.

మూడు నెలల తర్వాత నా ఉద్యోగం ఖాయమైంది. ఆఫీసు ఫారంలో, అవసరానికి పిలవాల్సిన బంధువు అన్నచోట ఆవిడ పేరు రాసి, వరస దగ్గర పిన్ని అని పెట్టాను. తప్పు వివరమే. తప్పులే చెయ్యనన్న ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నవ్వుకుంటాను గానీ, దాన్ని మాత్రం ఇంతవరకు సరిదిద్దలేదు.