రెండు వందల నలభై కుట్లు

ఆ రోజుల్లో మా తాండూరు బజార్లో ఏది ఎంతో ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు. సేర్లు పోయి కిలోలొచ్చాయి, గజాలు పోయి మీటర్లొచ్చాయి. కొనేవాడు పాత లెక్కలో అడిగితే అమ్మేవాడు కొత్త లెక్కలో ఇచ్చేవాడు, ఇద్దరూ మోసపోయామనుకుంటూ ఇళ్ళకు పోయేవాళ్ళు. ఇంత అయోమయంలోనూ నాకొక్కడికే అంతా తెలుసని నా నమ్మకం. (సైన్సు మాస్టరుగా చేరి అప్పటికి నాలుగు నెలలు.)

మా అక్క వికారాబాదులో ఒక ఆసుపత్రిలో నర్సు. తను చదివి నాకు పంపే ఇంగ్లీషు ఆడవాళ్ళ పత్రికలో వంటలన్నీ ఔన్సుల్లో, అల్లికలన్నీ అంగుళాల్లో ఉండేవి. చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇంగ్లీషు చదివేవాళ్ళే మారకపోతే నవాబుపేటలో సేద్యం చేసుకునే మా నాయన ఎట్లా మారతాడని సంపాదకుడికి ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. ఐదో ఉత్తరానికి విసుగు పుట్టిందేమో, ఒక స్వెట్టరు అల్లిక వివరం పంపి, మీరే మెట్రిక్‌లోకి మార్చివ్వండి, మీ పేరుతో వేస్తామన్నాడు.

అల్లిక సూది ఏ చేత్తో పట్టుకుంటారో కూడా నాకు తెలియదు. అయినా అంగుళాలన్నిటినీ రెండున్నరతో హెచ్చవేసి సెంటీమీటర్లు చేశాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వీపు భాగానికి తొంభై ఆరు కుట్లు వేసుకోవాలని ఉంది. కొలతలు మారాక కుట్లు మాత్రం మారవా అని అనుమానమొచ్చింది. కాసేపు మారాలనిపించింది, కాసేపు అక్కర్లేదనిపించింది. చివరికి ఎందుకైనా మంచిదని వాటినీ హెచ్చవేశాను. రెండు వందల నలభై వచ్చాయి. అదే అచ్చయింది, కింద నా పేరుతో సహా. (ఆ నెల దేశంలో ఎంతమంది ఆడవాళ్ళు నన్ను తిట్టుకున్నారో లెక్క వేసే ధైర్యం చెయ్యలేదు.) ఆ పేజీ చింపి జేబులో పెట్టుకుని కనబడినవాళ్ళందరికీ చూపించాను.

సరిగ్గా అప్పుడే అక్కవాళ్ళ ఆసుపత్రిలో నర్సులకు పెద్ద అయిన మేట్రనమ్మకు బదిలీ అయింది. పోయేలోగా ఇద్దరు టెంపరరీ నర్సుల్లో ఎవరిని ఉంచుకోవాలో ఆమే రాసిపెట్టాలి. ఆ ఇద్దరిలో అక్క ఒకతె. ఉద్యోగం పోతే మళ్ళీ చేను పనికే. మేట్రనమ్మకు ఒక స్వెట్టరు ఇచ్చి పంపాలని, ఆమె దగ్గరే కొత్తగా నేర్చుకున్న అల్లికతో, తమ్ముడి పేరున్న ఆ స్వెట్టరే మొదలుపెట్టింది. మధ్యలో కార్డు రాసింది: రెండు వందల నలభై కుట్లు నిజమేనా తమ్మీ, సూది మీద పడతలేవు, అని. కొత్త లెక్క అట్లాగే ఉంటుంది, ఫికరు చెయ్యకని జవాబిచ్చాను. (ఫికరు నాకు పట్టుకుంది.)

ఆదివారం రైలెక్కి వెళ్ళాను. నర్సుల హాస్టలు వరండాలో అక్క అప్పుడే ముగించిన వీపు భాగాన్ని సూది మీంచి తీసి బల్ల మీద పరిచింది. సూది మీద ముడుచుకుని ఉన్నంతసేపు తెలియలేదుగానీ, పరిచాక బల్ల చాలలేదు. పొడవు సరిగ్గానే ఉంది. వెడల్పు మాత్రం రెండున్నర మంది మేట్రనమ్మలకు వస్తుంది. తెచ్చిన ఉన్ని అంతా దానికే అయిపోయింది.

"నా నౌకరి పాయె తమ్మీ," అంది అక్క మెల్లగా.

అంతలో మేట్రనమ్మే వచ్చింది. ఎవరికని అడిగితే మీకేనమ్మా అంది అక్క. ఇట్లా ఎందుకైందని ఆమె అంటే, లెక్క తప్పిన, తప్పు నాదే అంది. నా పేరు రానివ్వలేదు. నాకు సిగ్గేసింది. జేబులోంచి పేజీ తీసి ఆమె చేతిలో పెట్టి, తప్పు అక్కది కాదమ్మా, నాదని చెప్పాను.

ఆమె పేజీ చూసింది, నన్ను చూసింది, ఆ అల్లికను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వేలితో తడిమింది.

"ఒక్క కుట్టు జారలే. తప్పు లెక్కకే గింత ఓపిక పెట్టినవు, రోగుల మీద ఇంకెంత పెడతవో. నీ పేరే రాస్త బిడ్డా," అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు జర చేతులు చాపు," అంది.

సాయంత్రం బండి వేళ దాకా చాపే ఉన్నాను. అక్క విప్పుతుంటే ఆమె ఆ ఉన్ని నా చేతులకు చుడుతూ, "మాస్టరూ, నీ రెండు చేతుల నడుమ ఎన్ని సెంటీమీటర్లుంటది?" అని అడిగింది. ఎంత ఆలోచించినా తేలలేదు. "తెల్వదమ్మా," అన్నాను.

ఉన్ని చుట్టుకుని దిక్కులు చూస్తున్న ఆ కుర్రమాస్టరు తలపుకొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఉద్యోగంలో చేరాక అతను తెలియదని ఒప్పుకోవడం అదే మొదటిసారి.