సిందూరం బరిణెలో జిలేబి రంగు

బావ వేసే జిలేబి రంగులో సీసం ఉండొచ్చని గజపతినగరం టీకొట్టు దగ్గర చెప్పింది నేనే. గ్రంథాలయంలో చదివినదాన్ని కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు. తినే రంగు కిలోకి సీసం, ఆర్సెనిక్ ఎన్ని మిల్లీగ్రాములకు మించకూడదో చట్టంలో ఉందని నలుగురికీ వివరించాను. ఆ వారం సంతలో బావ జిలేబిని ఈగలు తప్ప ఎవరూ ముట్టలేదు.

"ఒరే తమ్ముడూ, నోరు జారినోడివి నువ్వు. రంగు మంచిదని కాయితం నువ్వే తేవాల. నేకపోతే మా గుమ్మం ఎక్కకు," అంది అక్క. మళ్లీ సంత ఎల్లుండే.

వెంటనే, ఆ పొద్దున్నే ఏడున్నరకి విజయనగరం బస్సెక్కాను. రంగు ఒలకకుండా బిగుతు మూతున్నది అక్క ఇంట్లో ఒక్కటే, దేవుడి గూట్లోని సిందూరం బరిణె. సిందూరం దులిపేసి, "శకునం కూడా బాగుంటాది," అంటూ అందులోనే పోసిచ్చింది.

పక్కసీట్లో ఎండుచేపల బుట్టతో ఒక పెద్దామె కూర్చుంది.

"ఏటి బావూ, ఆ బరిణె అంత బద్రంగా పట్టుకున్నావు?"

"జిలేబి రంగు, అమ్మా. సీసం ఉందేమోనని పరీక్షకి. చూస్తే తెలీదు, రుచికీ తెలీదు."

"మా సేపలకా బాద నేదు. ముక్కే సెప్పేస్తాది!"

ఎనిమిదిన్నరకి దిగి, ఆర్టీసీ కాంప్లెక్సు ఎదుట ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగుంది, సాంబారు జోలికి పోకండి. పరీక్షలకు నమూనాలు తీసుకునే ప్రైవేటు ఆఫీసు పదింటికి తెరిచారు. కౌంటరులోని అమ్మాయికి మిల్లీగ్రాముల సంగతి మొదలెట్టాను. ఆమె ఓపిగ్గా విని, మూత తీసి ఆగిపోయింది.

"ఇది ఆంజనేయస్వామికి పూసే సిందూరం బరిణె కదండీ?"

"అవునండి."

"ఆ సిందూరంలోనే సీసం ఉంటుందండి. మీ రంగు ఎంత మంచిదైనా ఇందులో పోశాక ఫెయిలే."

ఆ ముక్క కూడా నేను చదివిందే. వేరే పుస్తకంలో.

"అసలు పొట్లం మీద తినే రంగని, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు ఉన్నాయా?" అని అడిగింది. బావకి ఫోన్ చేసి, బరిణె సంగతి చెప్పి, పొట్లం గురించి అడిగాను.

"పొట్లమేటి? కొట్టోడు పేపరు ముక్కలో కట్టిచ్చాడు," అన్నాడు.

"అలాంటిది పరీక్షదాకా ఎందుకండీ, పారెయ్యండి," అంది ఆ అమ్మాయి.

"బావా, రంగు పారెయ్. ఎల్లుండి బెల్లం జిలేబి వెయ్యి. దానికి రంగక్కర్లేదు."

బావ ఒక షరతు పెట్టాడు. "ఏస్తాను గానీ, నా మూకుడు పక్కన నువ్వు కూకోవాల. జిలేబి కొన్న పెతి ఒక్కడికీ బరిణె కత నీ నోటితోనే సెప్పాల. సీసం సంగతి అందరికీ సెప్పినోడివి, ఇదీ సెప్పు!"

ఒప్పుకున్నాను. గుమ్మం ఎక్కాలి కదా.

రెండున్నర బస్సులో ఆ పెద్దామే మళ్లీ కనిపించింది, బుట్ట ఖాళీ.

"ఏటన్నారు బావూ?"

సంతకి ముందు అలవాటవుతుందని మొత్తం చెప్పాను. బస్సంతా తిరిగి చూసేలా నవ్వింది.

"ఎండు రొయ్యిపప్పు బుట్టలో మల్లిపూలెట్టి, పూలు కంపు కొడతన్నాయన్నట్టున్నాది!"

ఇదే పని మీద వెళ్లేవాళ్లకి చెప్పేదొకటే. విప్పని పొట్లం పట్టుకెళ్లండి, బరిణెను దేవుడి దగ్గరే ఉంచండి. గజపతినగరం వచ్చేసరికి ముందు సీటాయన కూడా ఇటు తిరిగాడు.

"ఆ బెల్లం జిలేబి ఏ సంతలో అమ్ముతారు బావూ?"