పదిన్నర మంది బలం

నా చిన్నప్పుడు పూతలపట్టు దగ్గరి మా పల్లెలో ప్రార్థన మందిరానికి ఒకటే దారి. ఒక పక్క ముళ్లకంచె, ఇంకో పక్క లోతైన వంక. ఒక శనివారం పొద్దున ఆ దారికి అడ్డంగా నా నడుమెత్తు బండ కనిపించింది. దారి తన పొలంలోదని పక్క ఆసామి వేయించాడు. వచ్చి కాళ్లు పట్టుకుంటే తీయిస్తానని కబురు కూడా పంపాడు.

మరునాడే ఆదివారం. పదిమంది మొగోళ్లు లేనిదే అది కదలదని, అడుక్కోవడమే మేలని మా సంఘం పెద్దలు అన్నారు. మా అవ్వ ఒప్పుకోలేదు. ఒకసారి అడుక్కుంటే ప్రతి ఆదివారమూ అడుక్కోవాల్సిందే అన్నది. ఆమె కంకర క్వారీలో రాళ్లు కొట్టిన మనిషి. గడ్డపార భుజాన వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

“ప్రభువు సమాధి రాయి దొర్లించను దేవదూత వచ్చినాడు. మనకు దేవుడు గడ్డపార ఇచ్చినాడు, పా” అన్నది.

నేను ఏడో తరగతి. పుస్తకంలో త్రాసు బొమ్మ చూసిన గర్వంతో, గడ్డపార మొనను బండ కింద దూర్చి, దాన్ని ఆనించే చిన్న రాయిని సరిగ్గా మధ్యన పెట్టాను. కొసన వేలాడాను. బండ ఉలకలేదు. కంచె అవతల నుంచి ఆసామి, “ఏం పాపా, గడ్డపారకు ఊయల కట్టినావా?” అని నవ్వాడు.

అవ్వ అతని వైపు చూడనైనా లేదు. గడ్డపారను జానలతో కొలిచింది. “ఆపక్క నాలుగు, ఈపక్క నాలుగు. నీ బలం నీకే తిరిగొస్తాది, అంతే” అంటూ రాయిని బండ దగ్గరికి జరిపింది. ఇప్పుడు అటు ఒక జాన, ఇటు ఏడు.

“ఏడింతలవ్వా” అన్నాను.

“అంటే నేను ఏడుమందిని. నువ్వు అరమనిషివి, మూడున్నర. పదిమంది కావాలన్నారు గదా, అరమనిషి ఎక్కువే ఉండాం.”

ఇద్దరం కలిసి నొక్కాం. మా చేతులు జానెడు కిందికి దిగితే బండ రెండు వేళ్లెత్తు కూడా లేవలేదు. నాకు ఏడుపొచ్చింది. “ఏడింతల బలం ఊరికే ఇస్తారా? ఏడింతల దూరం తొయ్యాల” అంటూ అవ్వ ఆ సందులో కంకర కుక్కింది. మళ్లీ నొక్కాం, మళ్లీ కుక్కాం. పొద్దు వాలే వేళకు బండ ఒరిగి వంకలో పడింది. పుస్తకం యాంత్రిక లాభమని చెప్పింది దీన్నే. ఆ లాభానికి చెల్లించేది ఏమిటో నా అరచేతుల బొబ్బలు చెప్పాయి.

“రేపు ఇంకోటి ఏపిస్తా” అన్నాడు ఆసామి.

“ఏపించు నాయనా. గడ్డపార ఈడనే ఉంటాది” అని అవ్వ దాన్ని అతని కంచెకే ఆనించి వచ్చింది.

ఈ వయసులో కూడా నేను మోకరించినప్పుడు బలమిమ్మని అడగను. బలం ఎక్కడ పుడుతుందో అవ్వ చూపించింది. తోయాల్సిన దూరమంతా తోసే ఓపిక ఇమ్మని, ఎవరి కాళ్లూ పట్టుకోనివ్వొద్దని మాత్రమే అడుగుతాను.